ధ్యానమా, థెరపీయా? నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

పదిహేనేళ్లకు పైగా హైదరాబాద్‌లో సైకాలజిస్టుగా పని చేస్తున్నాను. అంతకన్నా ముందు నుంచే ధ్యానంలో కూర్చునే అలవాటు ఉంది. అందుకే ఈ రెండింటి మధ్య ఎటూ తేల్చుకోలేని వాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. "రోజూ ధ్యానం చేస్తున్నా కదా, ఇంక కౌన్సెలింగ్ ఎందుకు?" అనేవాళ్లు కొందరు. "థెరపీ అయిపోయింది, అయినా లోపల ఏదో వెలితి" అనేవాళ్లు కొందరు. కింద ఉన్నవన్నీ అలా వచ్చిన ప్రశ్నలే. మనుషుల గురించి చెప్పినచోట గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

రెండూ చెప్పేది ఒకటే కదా? మన ఋషులు ఎప్పుడో చెప్పిందే వాళ్లు ఇప్పుడు కొత్త పేర్లతో చెబుతున్నారు కదా?

కొంత నిజం ఉంది. మనిషి బాధకు మూలాలుగా యోగసూత్రాలు రాసిన పతంజలి ఐదు క్లేశాలు చెప్పాడు: అవిద్య (ఉన్నదాన్ని ఉన్నట్టు చూడలేకపోవడం), అస్మిత ('నేను' అన్న పట్టు), రాగం, ద్వేషం, అభినివేశం (చావు భయం). బుద్ధుడు రెండు బాణాల పోలిక చెప్పాడు. ఒంటికి కలిగిన నొప్పి మొదటి బాణం, ఆ నొప్పి గురించి మనసు కుమిలిపోవడం రెండో బాణం. ఈ రోజు ఏ థెరపిస్ట్ గదిలో కూర్చున్నా ఈ రెండో బాణం మాట ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది.

కానీ ఇంకాస్త ముందుకు వెళ్తే దారులు వేరవుతాయి. నా దగ్గరికి ఒకాయన వచ్చాడు. నలభై దాటాయి, మంచి ఉద్యోగం, పిల్లలు. వాళ్ల నాన్న ఊరి నుంచి వచ్చి ఇంట్లో ఉన్న రోజుల్లో ఆయనకి అన్నం గొంతు దిగదు. కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, ఫ్రిజ్ పక్కన నిలబడి నాలుగు ముద్దలు తిని వచ్చేస్తాడు. దీన్ని యోగశాస్త్రం ద్వేషం అంటుంది, దానికి మూలం అవిద్య అంటుంది. అది మనుషులందరికీ వర్తించే జవాబు. థెరపీ అడిగే ప్రశ్న వేరు. మీ ఇంట్లో, ఆ భోజనాల దగ్గర, మీకు ఎన్నేళ్లప్పుడు ఏం జరిగింది? మూడో నెలలో గానీ ఆయన నోరు విప్పలేదు. ఎనిమిదేళ్లప్పుడు పరీక్ష పేపరు కంచం పక్కన పెట్టి కూర్చోబెట్టేవారట. ఒక్కో తప్పుకి ఒక తిట్టు, ఆ తర్వాత ఒక ముద్ద.

ధ్యాన సంప్రదాయాలు 'బాధపడుతున్న ఈ నేను ఎవరు?' అని అడుగుతాయి. థెరపీ 'ఈ మనిషికి ఏమైంది?' అని అడుగుతుంది. రెండూ కావాల్సిన ప్రశ్నలే. ఒకదానికి దొరికిన జవాబును తెచ్చి రెండోదాని మీద మూత పెట్టినప్పుడే చిక్కంతా. నేను ఇక్కడ రాసిన ప్రతి జవాబు వెనకా ఉన్నది ఈ మాటే.

'తూర్పు', 'పడమర' అని ఇలా రెండు ముక్కలుగా విడగొట్టడం సరైనదేనా?

సౌకర్యం కోసం అంటాం, అంతే. అద్వైతి ఆత్మ ఒక్కటే సత్యం అంటాడు, బౌద్ధుడు ఆత్మ అనేదే లేదంటాడు. ఈ ఇద్దరూ వందల ఏళ్లు వాదించుకున్నారు. అటువైపు కూడా 1879లో లైప్‌జిగ్‌లో సైకాలజీ ప్రయోగశాల పెట్టిన వుంట్‌కీ, రోగిని సోఫా మీద పడుకోబెట్టి కలలు విన్న, మనోవిశ్లేషణ అనే పద్ధతికి ఆద్యుడైన ఫ్రాయిడ్‌కీ, 1960లలో ఆలోచనల్లోని పొరపాట్లను రాసుకుని సరిదిద్దమన్న ఆరన్ బెక్‌కీ పోలికే లేదు. కాబట్టి దేన్ని దేనితో పోలుస్తున్నామో ముందు తేల్చుకోవాలి.

ఫ్రాయిడ్, యుంగ్ మన సంప్రదాయాల గురించి ఏమనుకున్నారు?

ఇది నాకు చాలా ఇష్టమైన కథ, కాస్త ఎక్కువ రాస్తాను.

రామకృష్ణ పరమహంస మీదా, వివేకానందుడి మీదా పుస్తకాలు రాసిన ఫ్రెంచి రచయిత రొమా రొలా 1927లో ఫ్రాయిడ్‌కి ఉత్తరం రాశాడు. అన్ని మతాలకూ అడుగున ఒక అనుభూతి ఉంది, హద్దులు లేని సముద్రంలో కలిసిపోయినట్టు ఉంటుంది, దాన్ని మీరు పట్టించుకోలేదు అన్నది ఆ ఉత్తరం సారాంశం. ఫ్రాయిడ్ 1930లో జవాబు చెప్పాడు. అలాంటి అనుభూతి తనలో తనకి కనపడలేదని ఒప్పుకున్నాడు. తల్లి రొమ్మునీ తననీ వేరుగా చూడలేని పసిపాప స్థితి పెద్దయ్యాక కూడా కొందరిలో మిగిలి ఉంటుంది, అదే ఇది అని వివరించాడు. అంటే ఒకరు శిఖరం అన్నదాన్ని ఇంకొకరు పునాది దగ్గరికి తీసుకెళ్లారు. ఈ రెండు చూపుల మధ్య గొడవ ఇప్పటికీ తేలలేదు.

అదే కాలంలో కోల్‌కతాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే డాక్టర్ ఉండేవారు. 1922లో తన ఇంట్లోనే భారతీయ మనోవిశ్లేషణ సంఘం ప్రారంభించారు. ఫ్రాయిడ్‌ని ఒక్కసారి కూడా కలవలేదు, ఏళ్ల తరబడి ఉత్తరాలు మాత్రం నడిచాయి. చేతులు కట్టుకుని ఒప్పుకునే శిష్యుడు కాదాయన. కోరికలు జంటలుగా ఉంటాయనీ, ప్రతి కోరిక వెనకా దానికి ఎదురు కోరిక ఒకటి దాగి ఉంటుందనీ తన సొంత సిద్ధాంతం ప్రతిపాదించారు. ఫ్రాయిడ్ పెద్దగా ఒప్పుకోలేదు. మన రోగుల మనసులు యూరప్ రోగుల మనసుల్లా ఉండవని కూడా బోస్ నిస్సంకోచంగా రాశారు. గీత మీద, యోగసూత్రాల మీద వ్యాఖ్యానాలు రాశారు. ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకి, 1931లో, కోల్‌కతా నుంచి దంతంతో చెక్కిన విష్ణుమూర్తి విగ్రహం వెళ్లింది. శేషుడితో ఉన్న అనంతుడు. తన బల్ల మీద దానికి గౌరవస్థానం ఇచ్చానని ఫ్రాయిడ్ జవాబు రాశాడు. మతం ఒక భ్రమ అని పుస్తకం రాసిన మనిషి బల్ల మీద విష్ణుమూర్తి! ఆ బొమ్మ తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఒకప్పుడు ఫ్రాయిడ్‌తో కలిసి నడిచి తర్వాత విడిపోయిన స్విస్ మానసిక వైద్యుడు యుంగ్ సంగతి ఇంకో రకం. 1932లోనే జ్యూరిక్‌లో కుండలిని మీద ఉపన్యాసాలు ఇచ్చాడు. సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవానికి ఆహ్వానం వస్తే 1937 చివర్లో మన దేశం వచ్చాడు, కోల్‌కతాలో విరేచనాలతో పది రోజులు ఆస్పత్రిలో కూడా ఉన్నాడు. మద్రాసు దాకా వెళ్లాడు గానీ తిరువణ్ణామలైలో రమణ మహర్షిని చూడకుండానే తిరిగి వెళ్లిపోయాడు. కావాలనే వెళ్లలేదని తర్వాత రాసుకున్నాడు. మన తెలుగువాళ్లు పౌర్ణమికి బస్సులు కట్టుకుని గిరిప్రదక్షిణకి వెళ్లే ఊరు కదా అది, అందుకే మనకి మరీ ఆశ్చర్యంగా ఉంటుంది. యూరప్ మనిషి తన చరిత్ర నుంచి, తన మనసులోని చీకటి నుంచి తప్పించుకోవడానికి యోగాన్ని అనుకరిస్తాడేమో అని యుంగ్ భయం. ఆ భయం ఈ రోజు మనకే ఎక్కువ వర్తిస్తుందని నేననుకుంటాను. యోగం మనదే అయినా, దాన్ని అడ్డం పెట్టుకుని మన బాధ నుంచి మనమూ తప్పించుకుంటున్నాం.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే మన ధ్యానమేనా?

అక్కడి నుంచి పుట్టినదే. పాళీలో 'సతి', సంస్కృతంలో 'స్మృతి', అంటే ఎరుక, అన్న మాటకి ఇంగ్లిష్‌లో పెట్టుకున్న పేరు అది. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌లో జాన్ కబాట్-జిన్ ఒక కోర్సు మొదలుపెట్టాడు. మందులతో తగ్గని దీర్ఘకాలపు నొప్పులతో బాధపడేవాళ్లు ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన స్వయంగా జెన్ అనే బౌద్ధ ధ్యాన సాధన చేసిన మనిషి, కానీ కోర్సులో బుద్ధుడి పేరు ఎత్తలేదు. మొదటి క్లాసులో ఒక ఎండుద్రాక్ష చేతికిస్తారు. దాన్ని చూడాలి, వేళ్ల మధ్య నలపాలి, చెవి దగ్గర పెట్టుకోవాలి, వాసన చూడాలి, ఆ తర్వాతే నోట్లో వేసుకోవాలి. నేనూ చేయిస్తాను. టీవీ చూస్తూ గుప్పెడు కిస్మిస్ మింగేసే మనిషి ఒక్కదానికి ఐదు నిమిషాలు పట్టడం చూసి తనే నివ్వెరపోతాడు.

తర్వాత సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు దీన్ని డిప్రెషన్ మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల కోసం మలిచారు. డిప్రెషన్ ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకి, ఎప్పుడో చిన్నపాటి దిగులు కలిగినా పాత ఆలోచనల గుంపంతా దాన్ని పట్టుకుని వచ్చేస్తుంది. 'నేను ఎందుకూ పనికిరాను' అన్నది నిజంలా కాకుండా మనసులో వచ్చిపోయే ఒక ఆలోచనలా చూడగలిగితే ఆ గొలుసు తెగుతుంది. ఇదీ వాళ్ల ఊహ. 2000లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో, అంతకుముందు మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చినవాళ్లలో మామూలు వైద్యం మాత్రమే అందుకున్నవారిలో 66 శాతం మందికి మళ్లీ వస్తే, ఈ శిక్షణ కూడా తీసుకున్నవారిలో 37 శాతం మందికి వచ్చింది. రెండుసార్లు మాత్రమే వచ్చినవాళ్లకి తేడా కనిపించలేదు. ఈ రెండో వాక్యం ఎవరూ చెప్పరు, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఎవరికి పనికొస్తుందో, ఎవరికి రాదో తెలుసుకోవడమే వైద్యం.

మరి వదిలేసిందేమిటి? బౌద్ధంలో సతి ఒంటరిగా రాదు. దాని ముందు శీలం ఉంది: చంపకు, దొంగిలించకు, అబద్ధం ఆడకు. దాని చివర నిర్వాణం ఉంది. ఆస్పత్రి కోర్సులో ముందుదీ లేదు, చివరిదీ లేదు. నొప్పితో బాధపడే మనిషికి ఉపశమనం చాలు కాబట్టి అక్కడ అది తప్పు కాదు. ఉద్యోగుల చేత పన్నెండు గంటలు పని చేయించి, మధ్యలో పది నిమిషాలు శ్వాస గమనించమని చెప్పే కంపెనీల విషయంలో మాత్రం నాకు కోపమే వస్తుంది.

భగవద్గీత ప్రపంచంలోనే మొదటి కౌన్సెలింగ్ సెషన్ అంటారు. నిజమేనా?

మొదటి అధ్యాయం చదివితే అలా అనిపించడం సహజం. అర్జునుడు చెప్పేవి చూడండి: అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, ఒళ్లు వణుకుతోంది, చర్మం మండుతోంది, గాండీవం చేతిలోంచి జారిపోతోంది, నిలబడలేకపోతున్నాను, తల తిరుగుతోంది. నా గదిలో కూర్చుని పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం) గురించి చెప్పేవాళ్లు దాదాపు ఇవే మాటలు చెబుతారు. అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఆ అధ్యాయంలో అర్జునుడు అన్నీ చెప్పుకుని, ధనుర్బాణాలు వదిలేసి, రథంలో కూలబడేదాకా కృష్ణుడు అడ్డుపడడు. ఆ మౌనంలో వినే నేర్పు ఉంది.

రెండో అధ్యాయం దగ్గర పోలిక తెగుతుంది. కృష్ణుడు ముందు మందలిస్తాడు, ఈ పిరికితనం నీకు తగదంటాడు. నేను పానిక్‌తో వచ్చిన అబ్బాయికి ఆ మాట అంటే మళ్లీ రాడు. పైగా కృష్ణుడికి అర్జునుడు ఏం చెయ్యాలో తెలుసు. నాకు తెలియదు, తెలిసినట్టు నటించకూడదు కూడా. చివర్లో, పద్దెనిమిదో అధ్యాయంలో, 'ఇదంతా బాగా ఆలోచించి నీకు ఎలా తోస్తే అలా చెయ్యి' అంటాడు చూడండి, అక్కడ మళ్లీ మా వృత్తికి దగ్గరగా వస్తాడు.

గురువూ థెరపిస్టూ ఒకటేనా?

జె.ఎస్. నేకీ అనే మానసిక వైద్యులు 1973లో గురుశిష్య సంబంధాన్ని మన దేశపు సైకోథెరపీకి నమూనాగా తీసుకోవచ్చని రాశారు. మన దగ్గర మనుషులు సలహా కోసం, ఆసరా కోసం వస్తారు, అద్దంలా మౌనంగా కూర్చునే థెరపిస్టు వాళ్లకి రాయిలా కనిపిస్తాడు అన్న ఆలోచన అందులో ఉంది. అది నేను రోజూ చూస్తాను. మొదటిసారి వచ్చినప్పుడు 'మేడం' అన్నవాళ్లు నాలుగోసారికి 'అక్కా' అంటారు. వేసవిలో ఒకావిడ బంగినపల్లి మామిడిపళ్లు రెండు సంచులు తెచ్చింది, ఇంకొకాయన వెళ్లేటప్పుడు కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. నేను చదువుకున్న పుస్తకాల ప్రకారం పళ్లు తీసుకోకూడదు. ఒక పండు తీసుకున్నాను, మిగతావి ఇంటికి పట్టుకెళ్లమన్నాను. తర్వాతి వారం ఆ పళ్ల గురించే మాట్లాడుకున్నాం. ఎవరికీ ఏమీ ఇవ్వకుండా ఏదైనా అడగడం ఆవిడకి పుట్టినప్పటి నుంచీ అలవాటే లేదు.

కానీ తేడా మరచిపోకూడదు. గురువు దగ్గర శరణాగతి ఉంటుంది. థెరపీలో ఉండకూడదు. నా మీద మీకు కోపం వస్తే ఆ కోపం గురించి కూడా అక్కడే మాట్లాడతాం. నా పని వారానికి యాభై నిమిషాలు, ఒక రోజు ముగియాల్సిన పని. ఫీజు ఉంది, హద్దులు ఉన్నాయి, నేను తప్పు చేస్తే మీరు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఏ గురువు దగ్గరైనా 'వద్దు' అనే హక్కు మీకు లేకపోతే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఎంత పెద్ద పేరున్నవారైనా సరే.

ధ్యానం 'అహం వదిలెయ్' అంటుంది, కౌన్సెలర్లు 'ఆత్మవిశ్వాసం పెంచుకో' అంటారు. ఎవరి మాట వినాలి?

ఇక్కడ సగం గందరగోళం మాటల వల్ల వచ్చింది. ఫ్రాయిడ్ జర్మన్‌లో వాడింది మామూలు 'నేను' అన్న మాట. ఇంగ్లిష్ అనువాదంలో అది లాటిన్ 'ఈగో' అయింది. మన దగ్గరికి వచ్చేసరికి 'అహం' అయింది, దాని పక్కనే అహంకారం, పొగరు వచ్చి కూర్చున్నాయి. ఫ్రాయిడ్ చెప్పిన 'నేను' పొగరు కాదు. కోరికకీ, మనస్సాక్షికీ, బయటి ప్రపంచానికీ మధ్య బేరం కుదిర్చి రోజు గడిపించే శక్తి అది. అది బలహీనపడితే మనిషి నిద్ర లేచి పళ్లు కూడా తోముకోలేడు.

పెళ్లై ఆరేళ్లయిన ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాకు అహం ఎక్కువ మేడం, తగ్గించుకోవడానికి ధ్యానం నేర్చుకుంటున్నా" అంది. ఎవరన్నారని అడిగాను. అత్తగారు, భర్త, ప్రవచనాలు చెప్పే ఒకాయన. ఏం చేశావని అలా అన్నారని అడిగితే, తన జీతం తన అకౌంట్‌లోనే ఉంచుకుంటానని అడిగిందట. ఆ అమ్మాయికి వదిలెయ్యడానికి అహం ఎక్కడుంది? ముందు ఒక 'నేను' ఉండాలి కదా.

అమెరికన్ సైకాలజిస్ట్, బౌద్ధ సాధకుడు జాక్ ఎంగ్లర్ 1980లలో సరిగ్గా ఇదే చెప్పాడు. నేను అన్నది గట్టిగా ఏర్పడ్డాకే దాన్ని దాటే సాధన, ఏర్పడకముందే దాటబోతే అది సాధన కాదు, గాయాన్ని కప్పుకోవడం. అదే దశాబ్దంలో జాన్ వెల్‌వుడ్ కూడా ఆధ్యాత్మికతను పక్కదారిగా వాడుకుని మనసులోని పచ్చిపుళ్లను తప్పించుకు తిరగడం గురించి రాశాడు. ఎప్పుడూ ప్రశాంతంగా నవ్వుతూ, ఇంట్లో పిల్లలతో ఒక్క నిజమైన మాట మాట్లాడలేని సాధకులు మీకు తెలిసే ఉంటారు. వాళ్లని తప్పు పట్టడానికి రాయడం లేదు. వాళ్లలో చాలామంది లోపల చాలా ఒంటరిగా ఉన్నారు.

డిప్రెషన్‌కి ధ్యానం సరిపోతుందా? మందులు మానేయవచ్చా?

డాక్టర్ చెప్పకుండా మందులు మానకండి. ఈ ఒక్క జవాబులో నేను మొహమాట పడను, కారణం మా ఇంట్లోనే ఉంది.

మా పెద్దమ్మ కొడుకు ఇరవై నాలుగేళ్లప్పుడు నిద్రపోవడం మానేశాడు. గోడ వైపు తిరిగి మాట్లాడేవాడు. పక్కింటివాళ్లు తన ఆలోచనలు వింటున్నారని ఫ్యాన్ ఆపేసేవాడు. ఒక ధ్యానకేంద్రానికి తీసుకెళ్తే, శక్తి మేల్కొంటోంది, భయపడకండి, సాధన పెంచండి అన్నారు. పెంచారు. ఏడాదిన్నర పోయింది. అప్పటికి నేను ఇంకా చదువుకుంటున్నాను, నా మాటకి ఇంట్లో బరువు లేదు. చివరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?" పెద్దమ్మ దగ్గర జవాబు లేదు. మందులు మొదలుపెట్టాక రెండు నెలలకి వాడు మళ్లీ నా పేరు పెట్టి పిలిచాడు. ఇప్పుడు బాగున్నాడు, సాయంత్రాలు జపం కూడా చేసుకుంటాడు. ఆ ఏడాదిన్నర మాత్రం తిరిగి రాలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వే ప్రకారం, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన, లేని మాటలు వినిపించడం, రోజుల తరబడి నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, మంచం దిగలేకపోవడం: వీటిలో ఏది ఉన్నా ముందు సైకియాట్రిస్ట్. ధ్యానం తర్వాత, అదీ అడిగి.

ధ్యానం వల్ల హాని కూడా ఉంటుందా?

కొందరికి ఉంటుంది. బ్రౌన్ యూనివర్సిటీలో విలోబీ బ్రిటన్, ఆమె సహచరులు 2017లో ఈ అనుభవాల మీద పెద్ద అధ్యయనం ప్రచురించారు. భయం, నిద్ర లేకపోవడం, తన శరీరం తనది కాదన్నట్టు అనిపించడం లాంటివి ధ్యానులు వాళ్లకి చెప్పుకున్నారు. పాత బౌద్ధ గ్రంథాలు కూడా సాధన దారిలో భయం, విసుగు కలిగే దశలు ఉంటాయని చెబుతాయి. గోయెంకా సంప్రదాయపు పది రోజుల విపశ్యన (ఒంట్లో కలిగే అనుభూతుల్ని గమనించే ధ్యానం) కోర్సుకి అప్లై చేస్తే ఫారంలోనే మానసిక సమస్యల గురించి అడుగుతారు, తీవ్రమైన సమస్యలు ఉన్నవాళ్లని రావద్దంటారు. దయచేసి అక్కడ దాచకండి.

అలాంటి కోర్సులోనే నా అనుభవం చెబుతాను. పొద్దున నాలుగింటికి గంట, పది రోజులు మౌనం, రోజుకి పది గంటలు కూర్చోవడం. నాలుగో రోజు మధ్యాహ్నం కదలకుండా గంట కూర్చోమన్నారు. నలభై నిమిషాలకి కుడి మోకాలు నిప్పులా మండింది. ఆ మంటని చూస్తూ ఉండగా ఉన్నట్టుండి ఫినాయిల్ వాసన వచ్చింది. హాల్లో ఎక్కడా ఫినాయిల్ లేదు. అది నాన్న పోయిన రాత్రి ఆస్పత్రి వరండాలోని వాసన. ఎనిమిదేళ్లుగా నేను ఏడవని ఏడుపు అక్కడ వచ్చింది. దాన్ని ఎలా పట్టుకోవాలో నాకు కొంత తెలుసు, తిరిగి వచ్చాక మాట్లాడటానికి నా థెరపిస్ట్ ఉంది. అవి రెండూ లేని మనిషికి అదే క్షణం చాలా ప్రమాదం.

సంస్కారాలు, వాసనలు (మనసులో మిగిలిన పాత గుర్తులు) అన్నవే ఫ్రాయిడ్ చెప్పిన అచేతనమా (మనకి తెలియని మనసు)?

పోలిక ఉంది. గడిచిన అనుభవం లోపల గుర్తుగా మిగిలి, మనకి తెలియకుండా మనల్ని నడిపిస్తుందని రెండూ ఒప్పుకుంటాయి. ఫ్రాయిడ్ లెక్క బాల్యం దగ్గర ఆగుతుంది, మన లెక్క జన్మలు దాటి వెనక్కి వెళ్తుంది.

ఆ పొడవే ఒక్కోసారి ప్రమాదం. చిన్నప్పుడు బంధువు చేతిలో లైంగిక హింసకి గురైన ఒకామెకి "పూర్వజన్మ కర్మ, అనుభవించాలి" అని ఇంట్లోవాళ్లే చెప్పారు. కర్మ సిద్ధాంతం ఆ పనికి పుట్టలేదు. నా పనులకి నాదే బాధ్యత అని నాకు నేను చెప్పుకోవడానికి అది ఉంది, దెబ్బ తిన్నవాళ్ల మీద ఇంకో దెబ్బ వెయ్యడానికి కాదు. తప్పు ఆ బంధువుది. ఆ వాక్యం ఆమెతో నేను చాలాసార్లు బయటికి అనిపించాను.

పూర్వజన్మ థెరపీ చేయించుకోవచ్చా?

వద్దు. దీన్ని హిప్నాసిస్‌లో, అంటే మాటలతో మగత లాంటి స్థితిలోకి తీసుకెళ్లి చేస్తారు. ఆ స్థితిలో సూచనలకి మనసు తేలిగ్గా లొంగుతుంది, లేని జ్ఞాపకాలు కూడా నిజమైనవాటిలాగే కనపడతాయి. పునర్జన్మ మీద మీ నమ్మకం మీది, దాన్ని చికిత్సగా అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

సీబీటీకీ పతంజలి 'ప్రతిపక్ష భావన'కీ తేడా ఏమిటి?

చెడు ఆలోచన వేధించినప్పుడు దానికి ఎదురైనదాన్ని భావించమంటాడు పతంజలి. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ)లో 'బాస్ నన్ను పలకరించలేదు, నన్ను తీసేస్తారు' అన్న ఆలోచనని కాగితం మీద రాసి, దానికి సాక్ష్యం ఏముంది, వేరే కారణం ఉండొచ్చా అని పరీక్షిస్తారు. పతంజలి అక్కడ మాట్లాడుతున్నది హింస, అబద్ధం లాంటివాటి వైపు లాగే ఆలోచనల గురించి. సీబీటీ ఆలోచన నిజమా కాదా అని చూస్తుంది. దగ్గరి చుట్టాలే గానీ ఒకరే కాదు.

థెరపీ అంతా 'నేను, నా జీవితం' అంటుంది. మన కుటుంబాలకి ఇది పనికొస్తుందా?

సరిగ్గా చేస్తే వస్తుంది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలని ఆవరణలోనే గుడారాలు వేసి ఉంచారు. తల్లో, అన్నో పక్కనే ఉండి వండిపెడుతూ, ఆయన సాయంత్రాలు చెప్పే మాటలు వినేవాళ్లు. రోగులు త్వరగా ఇళ్లకి వెళ్లేవాళ్లు. కుటుంబాన్ని చికిత్సలో కలుపుకోవడంలో మన దేశం ముందే నడిచింది.

జపాన్‌లో ఇషిన్ యోషిమోటో తయారుచేసిన నైకాన్ అనే పద్ధతి బౌద్ధ సాధన నుంచి వచ్చింది. తల్లితో మొదలుపెట్టి ఒక్కొక్కరి గురించి మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఆమె నుంచి నేనేం పొందాను? ఆమెకి నేనేం ఇచ్చాను? ఆమెని నేనేం ఇబ్బంది పెట్టాను? ఆమె నన్నేం ఇబ్బంది పెట్టిందన్న నాలుగో ప్రశ్న కావాలనే లేదు. కోపంతో బిగుసుకుపోయిన కొందరు కొడుకులకి ఇది అద్భుతంగా పనిచేయడం చూశాను. ఇంట్లో హింస అనుభవించినవాళ్లకి మాత్రం నేను ఇది ఇవ్వను. వాళ్లకి ముందు కావాల్సింది ఆ నాలుగో ప్రశ్నే.

దేవుడి గురించి, జాతకం గురించి థెరపిస్ట్‌కి చెప్పవచ్చా? నవ్వుతారేమో అని భయం.

చెప్పండి. మీకు ధైర్యం ఇచ్చే దేవుడు, మీరు భయపడే శని, రెండూ మీ మనసులో ఉన్నవే. నవ్వితే థెరపిస్ట్‌ని మార్చండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలో ఎలా తెలుస్తుంది?

మందులు రాసేది సైకియాట్రిస్ట్, ఆయన డాక్టర్. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబర్ అడగడం తప్పు కాదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు ఉన్నాయి. ఊరు కదలలేని పరిస్థితి అయితే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీరు రెండూ చేస్తారు కదా. మీకు ఏది ఎక్కువ పనికొచ్చింది?

నాన్న పోయినప్పుడు ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తే, పొద్దున వస్తాలే అన్నాను. అర్ధరాత్రికి వెళ్లేసరికి అయిపోయింది. ఆ 'పొద్దున వస్తాలే' అన్న మాటని థెరపీలో ఏడాది పాటు మోశాను. ఎందుకలా అన్నానో, ఆయనకీ నాకూ మధ్య ముందు నుంచీ ఏం ఉందో, నా మీద నాకు ఎంత కోపమో అక్కడే తెలిసింది. అది కూర్చుని కళ్లు మూసుకుంటే తెలిసేది కాదు.

కానీ అంతా తెలిశాక కూడా కొన్ని పొద్దుల్లో ఆ మాట వస్తుంది. ఇప్పుడు దాని గురించి కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. ఐదున్నరకి బాల్కనీలో కూర్చుంటాను, కింద పాల ప్యాకెట్ల ఆటో ఆగిన చప్పుడు వినిపిస్తుంది. మాట వస్తుంది, గుండె దగ్గర బిగుసుకుంటుంది, కాసేపు ఉంటుంది. శ్వాసతో పాటు దాన్నీ చూస్తూ ఉంటాను. ఆటో వెళ్లిపోయాక లేచి స్టవ్ మీద పాలు పెడతాను.